నల్లగొండలో ఒక రాత్రి ఉండాలంటే: పాత లాడ్జి మేలా, హైవే హోటల్ మేలా?

పొద్దున్నే పానగల్ గుళ్లకు వెళ్లాలంటే రాత్రి నల్లగొండలోనే ఉండటం సుఖం, అక్కడికి నాలుగు కిలోమీటర్లే. అందుకే అమ్మానాన్నలతో బస్టాండ్ దగ్గర ఒక పాత లాడ్జిలో దిగాం. అది పాతదని కాదు నా బాధ. మందపాటి గోడలు, ఎత్తైన స్లాబు, ముందు వెడల్పాటి వరండా, అలాంటి గది ఇప్పుడు కట్టేవాళ్లు లేరు. కానీ దాన్ని పట్టించుకునేవాళ్లే లేరు. దుప్పటి మార్చమంటే దాన్నే దులిపి మళ్లీ పరిచారు. గీజర్ పనిచేయదు, ఆరింటికి బకెట్‌తో వేడినీళ్లు ఇస్తామన్నారు, ఏడున్నర దాటినా రాలేదు. అన్నిటికంటే కోపం వచ్చింది తాగే నీళ్ల దగ్గర. ఫ్లోరైడ్‌తో తరాల తరబడి మనుషుల నడుములు వంగిపోయిన జిల్లా ఇది, జగ్గులో నీళ్లు ఎక్కడివని నాన్న అడిగితే "ట్యాంకు నీళ్లే సార్, అందరు తాగుతరు" అన్నాడు కౌంటర్‌లో పిల్లగాడు. రశీదు అడిగితే జీఎస్టీతో చాలా అవుతుందని భయపెట్టాడు. రోజుకు 7,500 రూపాయల లోపు గదులకు 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతమే.

మా చెల్లెలి వాళ్లు అదే రాత్రి నార్కట్‌పల్లి వైపు హైవే హోటల్‌లో దిగారు. శుభ్రమైన పక్క, లిఫ్ట్, కారు పెట్టుకోవడానికి చోటు, ఏ టెన్షనూ లేదు. అద్దె మాత్రం మాకంటే రెట్టింపు, పైగా రాత్రంతా లారీల హోరు. నల్లగొండ నుంచి ఇరవై కిలోమీటర్లు, సొంత బండి లేకపోతే కష్టమే.

పాత లాడ్జికి ఒక్క విషయంలో మాత్రం తిరుగులేదు, 24 గంటల లెక్క. సాయంత్రం ఐదుకు దిగితే మర్నాడు ఐదు దాకా గది మనదే. పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక పగలంతా కదలకుండా నిలిచే నీడను తీరిగ్గా చూసి, పచ్చల సోమేశ్వరాలయం, పక్కనే ఉన్న మ్యూజియం తిరిగొచ్చి, అమ్మ మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చింది. చెల్లెలి వాళ్లు పొద్దున్నే సామాన్లు సర్దుకుని గది ఖాళీ చేసి రావాల్సి వచ్చింది.

ఒక్కరే వస్తే హైదరాబాద్‌కు రాత్రికే తిరిగి వెళ్లిపోవచ్చు, వంద కిలోమీటర్లే కదా. పెద్దవాళ్లతో కారులో వస్తే హైవే హోటలే మేలు. బస్సులో వచ్చేవాళ్లు ఊళ్లోనే దిగండి, కానీ అడ్వాన్స్ ఇవ్వకముందే గదికి వెళ్లి నల్లా తిప్పి, గీజర్ వేసి చూడండి, దుప్పటి మీ కళ్లముందే మార్పించండి, తాగే నీళ్లు బయట కొనుక్కోండి.