సీల్స్ ఆస్పత్రి చూసొచ్చిన పిల్లలకి చెన్నైలో ఏది చూపించాలి? మొసళ్ళా, తాబేళ్ళా?

మార్చిలో మా అన్నయ్యవాళ్ళు అమెరికా నుంచి వస్తున్నారు. పిల్లలు పోయినేడు కాలిఫోర్నియాలో సాసలిటో దగ్గర మెరైన్ మామల్ సెంటర్ చూశారంట, 1975 నుంచీ ఉందది, జబ్బుపడి ఒడ్డుకొచ్చిన సీల్స్, సీ లయన్స్ అనే సముద్రపు జంతువులకి వైద్యం చేసి మళ్ళీ సముద్రంలోకే వదిలేస్తారు. తల్లికి దూరమైన సీల్ పిల్లకి చేప తినడం రాకపోతే చేపల్ని మిక్సీ పట్టి ట్యూబ్‌తో కడుపులోకి పోస్తారని చిన్నది ఫోన్లో అరగంట చెప్పింది. "అత్తా, మీ బీచ్‌లో కూడా ఉందా?" అంది. మన సముద్రంలో అసలు సీల్సే లేవే తల్లీ అన్నా. మరి ఏం చూపించాలి?

మొదట అందరూ చెప్పేది క్రొకడైల్ బ్యాంక్. మహాబలిపురం దారిలో, ఈస్ట్ కోస్ట్ రోడ్ (ఈసీఆర్) మీదే, 1976లో పాముల నిపుణుడు రోములస్ విటేకర్ వాళ్ళు మొదలెట్టింది. పొద్దున్నే వెళ్తే రెండు మూడు గంటల్లో అయిపోద్ది, టికెట్ కొంటే మొసలి కనబడటం గ్యారంటీ. కాకపోతే అది ఆస్పత్రి కాదు, అంతరించిపోకుండా మొసళ్ళని పెంచే చోటు. అవేమో కదలవు. ఒంట్లో వేడి తగ్గించుకోడానికి నోరు తెరుచుకుని పడుంటాయి, మావాడు "అమ్మా, ప్లాస్టిక్‌దా?" అని అడిగాడు.

రెండోది రాత్రి తాబేళ్ళ నడక. 1988 నుంచీ స్టూడెంట్స్ నడుపుతున్న గ్రూప్ ఒకటుంది, ఆలివ్ రిడ్లీ అనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టే సీజన్లో రాత్రిళ్ళు నీలాంకరై వైపు నుంచి బెసంట్ నగర్ దాకా ఇసుకలో ఏడు కిలోమీటర్లు నడుస్తారు, కుక్కలూ మనుషులూ ఎత్తుకుపోకముందే గుడ్లు తీసి హేచరీలో, అంటే గుడ్లు పొదిగేదాకా కాపాడే చోట, పాతిపెడతారు. నేను రెండుసార్లు వెళ్ళా, తాబేలు కనబడలా, ఒకసారి చచ్చిపోయింది మాత్రం కనబడింది. అవి పైకొచ్చి ఊపిరి పీల్చుకోవాలి కదా, ట్రాలర్ (పెద్ద చేపల పడవ) వలలో ఇరుక్కుంటే అంతే సంగతులు. 2025 జనవరిలో అయితే ఇక్కడి తీరానికి చచ్చిపోయినవి వందల్లో కొట్టుకొచ్చాయి. ఎనిమిదేళ్ళ పిల్లతో అర్ధరాత్రి ఆ నడక నావల్ల కాదు బాబూ.

నా ఓటు మూడోదానికి, సాయంత్రం హేచరీ దగ్గర తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేదానికి. ఒక్కో గూట్లో వంద దాకా గుడ్లు, 45 నుంచి 60 రోజులకి పొదుగుతాయి, ఇసుక వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయంట. బుట్టలోంచి ఇసుక మీదకి దింపితే అరచేతిలో సగం కూడా లేని నల్లటి పిల్లలు ఆగుతూ ఆగుతూ పాక్కుంటూ వెళ్తాయి, అల వచ్చి వెనక్కి తోసేస్తుంది, మళ్ళీ లేస్తాయి. వాలంటీర్లు ఇసుకలో గీత గీసి జనాన్ని వెనకే ఉంచుతారు, ముట్టుకోనివ్వరు. అయినా ఎవరో ఫోన్ లైటేశారు, ఒక పిల్ల గిరుక్కున తిరిగి మావైపే వచ్చేసింది, వెలుగెక్కడుంటే అదే సముద్రమనుకుంటాయి పాపం. ఆయనకి పడ్డాయి చూడండి చీవాట్లు, తమిళంలో!

చిక్కేంటంటే ఏ రోజు పొదుగుతాయో ఎవరూ ముందే చెప్పలేరు. అందుకే అన్నయ్యతో చెప్పా, దిగిన రోజు నుంచీ సాయంత్రాలు ఖాళీ పెట్టుకో, జెట్‌లాగ్ సంగతి తర్వాత. మొసళ్ళు ఎక్కడికీ పోవు, చివరి రోజు చూసుకోవచ్చు.