ఫుకుఓకాలో చూడ్డానికేముంది?

జపాన్ అనగానే మనవాళ్లు టోక్యో, క్యోటో, ఒసాకాలకు టికెట్లు తీసేస్తారు. దక్షిణాన క్యూషూ దీవిలో ఉన్న ఫుకుఓకా పేరెత్తితే "అక్కడేముంది?" అన్నదే మొదటి ప్రశ్న. నిజమే, చూసితీరాల్సిన చోట్లు తక్కువ. 234 మీటర్ల టవరు ఒకటి, దాని పక్కన మనుషులు పోసిన ఇసుకతో తయారైన మొమొచి బీచి ఒకటి. ఆ రెండూ చూడకపోయినా కొంప మునగదు. కానీ ఒక జపాన్ ఊరు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేస్తుందో తీరిగ్గా చూడాలనుకుంటే, నాకు తెలిసినంతలో దీన్ని మించింది లేదు.

హైదరాబాదు నుంచి నేరుగా విమానం లేదు. బ్యాంకాక్ మీదుగానో సింగపూర్ మీదుగానో పోవాలి. అంతర్జాతీయ టెర్మినల్ దగ్గర ఉచిత బస్సెక్కి దేశీయ టెర్మినల్ చేరితే కిందే మెట్రో. రెండో స్టేషనే ఊరి ప్రధాన రైల్వే స్టేషను హకతా. టికెట్ 260 యెన్‌లు. శంషాబాదు నుంచి ఇల్లు చేరడానికి గంటన్నర పట్టే మనకి ఇది నమ్మశక్యం కాదు. విమానాశ్రయం ఇంత దగ్గర కావడంతో తెన్‌జిన్ వ్యాపార కేంద్రంలో మేడల ఎత్తుకి ఎప్పట్నుంచో హద్దులున్నాయి. మెట్రోలో ప్రతి స్టేషనుకీ ఒక బొమ్మ గుర్తు ఉంటుంది, విమానాశ్రయానికి విమానం బొమ్మ. జపనీస్ చదవడం రానివాళ్లకి అదో పెద్ద సాయం. రోజంతా తిరిగే పాసు 640 యెన్‌లు.

మెట్రో కన్నా నాకు బస్సులే నచ్చాయి. వెనక తలుపు దగ్గర ఎక్కగానే చిన్న యంత్రం ఒక చీటీ ఇస్తుంది, దాని మీద ఒక అంకె. ముందు డ్రైవరు నెత్తి మీద తెరలో ఆ అంకె కింద చార్జీ, బస్సు ముందుకు పోయేకొద్దీ పెరుగుతుంటుంది. దిగేటప్పుడు చీటీ, డబ్బులు కలిపి డ్రైవరు పక్కనున్న డబ్బాలో వేయాలి. అది చిల్లర తిరిగివ్వదు, ముందే నోటు మార్చుకోవాలి. బస్సు పూర్తిగా ఆగేదాకా ఎవరూ సీట్లోంచి లేవరు. ఓ పెద్దావిడ ఆగాకే లేచి, నెమ్మదిగా ముందుకెళ్లి, వెయ్యి యెన్‌ల నోటు యంత్రంలో పెట్టి, రాలిన నాణేల్ని అరచేతిలో పోసుకుని ఒక్కొక్కటే లెక్కపెట్టి వేసింది. వెనక అంతమంది నిలబడ్డారు. ఒక్కరూ నిట్టూర్చలేదు, డ్రైవరు హారన్ మీద చెయ్యి వేయలేదు. పైగా దిగిన ప్రతి మనిషికీ మైకులో కృతజ్ఞతలు చెబుతున్నాడు. రోజూ ఎన్ని వందల సార్లు చెబుతాడో పాపం.

బసకి హకతా స్టేషను చుట్టుపక్కల బిజినెస్ హోటళ్లు మేలు. గది ఎంతంటే పెట్టె విప్పితే మనిషి మంచమెక్కాలి. బాత్‌రూము మొత్తం ఒకే ప్లాస్టిక్ అచ్చులో పోసినట్టుంటుంది. అయినా వేడినీళ్లు, నీళ్లు చిమ్మే కమోడు, రాత్రి వేసుకునే బట్టలు, కింద నాణేలతో నడిచే వాషింగ్ మెషీను, దేనికీ వంక పెట్టలేం. గది మాత్రం మూడింటికి ఇస్తామంటే మూడింటికే. మేం దిగిన చోట పది నిమిషాల ముందు బతిమాలినా చిరునవ్వే సమాధానం. సామాను మాత్రం ఉచితంగా దాచారు. 20,000 యెన్‌ల లోపు గదికి మనిషికి రాత్రికి 200 యెన్‌ల బస పన్ను వేరే. వారాంతాల్లో, పెద్ద కచేరీలున్న రోజుల్లో అద్దెలు చుక్కలు చూపిస్తాయి. సోమ, మంగళవారాల్లో దిగితే జేబుకి మంచిది.

తిండి దగ్గరికొస్తే, మాంసం తినేవాళ్లకి స్వర్గం, శాకాహారులకి పరీక్ష. ఈ ఊరి రామెన్ అంటే పంది ఎముకలు గంటల తరబడి మరిగించిన తెల్లటి పులుసులో నూడుల్స్. అవి సన్నగా ఉండటంతో త్వరగా మెత్తబడిపోతాయి. అందుకే ఒకేసారి ఎక్కువ పెట్టరు. పులుసు మిగుల్చుకుని "కాఎదామా" అంటే ఇంకో ముద్ద తెచ్చి వేస్తారు. చేపల మార్కెట్ ఉన్న నగహమాలో, తీరిక లేని పనివాళ్ల కోసం పుట్టిన పద్ధతి ఇది. నాతో వచ్చిన మా బావ గుడ్డు కూడా ముట్టడు. "ఒరే, ఉదోన్ అంటే గోధుమ నూడుల్సే కదా, అది తింటా" అన్నాడు. "బావా, ఆ నీళ్లు చేపతో కాచినవి" అన్నాను. ఆ పూట ఆయనకి కన్వీనియన్స్ స్టోరులో కొన్న అరటిపళ్లు, పెరుగే గతి. అక్కడి ప్యాకెట్ల మీద ఉన్నదాన్ని ఫోన్ కెమెరాతో అనువాదం చేసుకుంటే తప్ప ఏదీ నమ్మలేం. నేపాలీలు నడిపే ఇండియన్ హోటళ్లున్నాయి. నాన్ మీద పంచదార జల్లినట్టు తీపి, కూరలో కారం లేదు, కానీ కడుపు నిండుతుంది.

సాయంత్రమైతే నకసు ప్రాంతంలో నది గట్టున, తెన్‌జిన్ కాలిబాటల మీద యతాయిలు అనే తిండి బండ్లు వెలుస్తాయి. చక్రాల బండి మీద చెక్క బల్ల, చుట్టూ తొమ్మిదో పదో సీట్లు, తెల్లారేలోపు విప్పుకుని పోవాలి. ఊరు మొత్తం మీద వంద దాకా ఉన్నాయట. పచ్చి చేప అమ్మకూడదన్నది నియమం. నకసువి ఫొటోల కోసం వచ్చేవాళ్లతో నిండిపోయాయి, రేట్లూ అలాగే ఉన్నాయి. తెన్‌జిన్ వైపు ఆఫీసు వదిలాక టై వదులు చేసుకుని కూర్చున్న ఊరివాళ్లు కనపడతారు. పక్కవాడి మోచెయ్యి మన గిన్నెకి తగులుతుంటే మాటలు కలవక తప్పదు. నన్ను ఓ పెద్దాయన "ఇండియా? కరీ?" అన్నాడు. మా సంభాషణ అంతటితో ముగిసింది, కానీ ఆయన తన ప్లేట్లోంచి రెండు ముల్లంగి ముక్కలు నా ముందు పెట్టాడు.

ఇక నాకు బాగా నచ్చింది చెత్త. నవ్వకండి. జపాన్‌లో దాదాపు అన్ని ఊళ్లలో పొద్దున చెత్త బయట పెడితే, ఇక్కడ సూర్యాస్తమయం తర్వాత, అర్ధరాత్రిలోపు, నగరపాలక సంస్థ సంచుల్లో కట్టి పెడతారు. రాత్రికి రాత్రే బండ్లు ఎత్తుకుపోతాయి. పొద్దున బడిపిల్లలు వీపున బరువైన సంచులతో నడిచే వేళకి సందుల్లో కాకులు లాగడానికి ఏమీ ఉండదు. నీళ్ల విషయంలోనూ అంతే జాగ్రత్త. పెద్ద నది లేని ఊరు. 1978లో మొదలైన కరువులో 287 రోజులు నీటి సరఫరాకి కోతలు పెట్టారు. 2005 నుంచి సముద్రపు నీటిని మంచినీరు చేసే కేంద్రం నడుస్తోంది, దాని సామర్థ్యం రోజుకి 5 కోట్ల లీటర్లు.

పొద్దున్నే ఓహోరి పార్కుకి వెళ్లండి. చెరువు చుట్టూ 2 కిలోమీటర్ల బాట, నడిచేవాళ్లకీ పరిగెత్తేవాళ్లకీ సైకిళ్లకీ వేర్వేరు వరసలు. ప్రవేశ రుసుము లేదు. పక్కనే ఉన్న కోటలో మిగిలింది ఎక్కువగా రాతి గోడలే. చెర్రీలు పూసే కాలం కాకపోతే అరగంట చాలు.

మా బావ కడుపు నిండింది మాత్రం ఊరి బయట దజైఫులో. తెన్‌జిన్ నుంచి అరగంట రైలు. చదువుల దేవుడి గుడి, పరీక్షలకి కూర్చునే పిల్లలు మొక్కుకుంటారు. గుడికెళ్లే దారి పొడుగునా ఉమెగయె మొచి పెనాల మీద కాలుస్తుంటారు. బియ్యప్పిండి పొర, లోపల తీపి ఎర్ర చిక్కుడు ముద్ద, పైన పువ్వు ముద్ర, అంతే. ఒకటి తిని, లోపల ఏముందో రెండుసార్లు అడిగి ఖాయం చేసుకుని, ఆయన ఇంకో నాలుగు కట్టించుకున్నాడు.