పన్నెండు గంటల కోసం సాలార్ జంగ్‌కి

హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్లేవాళ్లకి మొదటి మాట: మధ్యాహ్నం పన్నెండుకి అక్కడి బొమ్మల గడియారం ముందు కూర్చుని ఉండేలా చూసుకోండి. గంటగంటకీ బయటికొచ్చి గంట కొట్టే గడ్డపు బొమ్మ ఎక్కువ దెబ్బలు కొట్టేది అప్పుడే. శుక్రవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

అమ్మని తీసుకుని జనగామ నుంచి ముందురోజు రాత్రే వచ్చాను. నాంపల్లి దగ్గర దిగిన లాడ్జి చవకే గానీ పొద్దున వేడినీళ్లు రాలేదు. పెద్దవాళ్లతో వస్తే ఆ సంగతి ముందే అడిగి గది తీసుకోండి. అక్కడి నుంచి నయాపూల్‌కి ఆటోలో వెళ్లాం. బ్యాగు కౌంటర్లో ఇచ్చి చేతులూపుకుంటూ లోపలికి నడిచాం.

మేలిముసుగు రెబెకా దగ్గర అమ్మ చాలాసేపు నిలబడింది. బెంజోని చెక్కిన ఈ పాలరాతి శిల్పాన్ని నిజాం దివాను మొదటి సాలార్ జంగ్ 1876లో రోములో కొన్నారు. "తడిబట్ట కప్పినట్టే ఉన్నది బిడ్డా," అంది అమ్మ. రాయిని చూస్తున్నామన్న సంగతే మరిచిపోతాం.

పావు తక్కువ పన్నెండుకే గడియారం ముందు చేరాం. అమ్మ ఆరో తరగతిలో, 1974లో, బడి పిల్లలతో ఇక్కడికే వచ్చిందట. "ముందట పెద్ద పోరగాళ్లు నిలవడ్డరు. చప్పుడు ఇనవడ్డది గని మనిషి కనవడలె." ఈసారి ముందు వరుసలో కూర్చుంది. క్షణానికోసారి సుత్తి కొడుతున్న కమ్మరి బొమ్మనే చూస్తోంది. తలుపు తెరుచుకుని చిన్న మనిషి బయటికి రాగానే నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. పన్నెండు దెబ్బలూ పెదాలతో లెక్కపెట్టింది.

పక్కన కూర్చున్న పెద్దాయన అది చూసి నవ్వాడు. "మా నాయిన నన్ను దివాన్ దేవిడికి తోలుకపోయిండు చెల్లె. గప్పుడు మ్యూజియం గాడనే ఉండె. నవాబు ఇంటికి సుట్టం పోయినట్టుండేది."

ఆయన చెప్పింది నిజమే. మూడో సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1949లో పోయాక, 1951 డిసెంబరు 16న ఆయన ఇల్లు దివాన్ దేవిడిలోనే నెహ్రూ ఈ మ్యూజియాన్ని తెరిచారు. మూసీ ఒడ్డున ఉన్న ఈ భవనంలోకి మారింది 1968లో. తర్వాత మేమిద్దరం దేవిడి వైపు కూడా నడిచాం. పాత కమాను ఉంది, చుట్టూ దుకాణాలు. అమ్మ కమాను కింద ఫోటో దిగింది.

2026 డిసెంబరు 16కి మ్యూజియానికి 75 ఏళ్లు నిండుతాయి. ఆ రోజు గడియారం పక్కన ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టి, వచ్చినవాళ్లని తమ జ్ఞాపకం రాయమంటే బాగుంటుందని నా ఆశ. ఆ పెద్దాయన చెప్పినటువంటి మాటలు ఏ గ్యాలరీలోనూ దొరకవు. బస్సులో ఈ మాట అంటే, తను రాయాల్సింది అమ్మ అప్పుడే చెప్పేసింది: "ఆరో తరగతిల ఇన్న. ముసలిదాన్నయినంక చూసిన."