అక్రిలిక్ రంగులతో ఇంట్లో అంతరిక్ష చిత్రాలు: నాలుగేళ్ల వాడకం తర్వాత

నీహారికలు, నక్షత్రవీధులు ఇంట్లోనే గీయడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది. ఇప్పటికి అరవై దాకా చిత్రాలు పూర్తిచేశాను కాబట్టి, ఈ పనికి అక్రిలిక్ రంగులు ఎంతవరకు అక్కరకొస్తాయో కొంత నమ్మకంతో చెప్పగలను. మొదటి కొన్ని నెలలు నీటిరంగులు వాడాను. తడి కాగితం మీద రంగులు ఒకదానిలోకి ఒకటి పాకే తీరు నీహారికకు ఎంతో బాగుంటుంది గాని, ఆరేసరికి చీకటి పాలిపోయి, నలుపు ఉండాల్సిన చోట బూడిదరంగు మిగిలేది. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) కంటే పలుచనైతే నీటికి ఉబ్బి వంకరపోయేది. తైలవర్ణాల్లో చీకటికి లోతు వస్తుంది, కానీ ఒక్కో పొర ఆరడానికి రోజులు పడుతుంది. నా చిత్రానికి ఏడెనిమిది పొరలు కావాలి. అక్రిలిక్ పలుచని పూత కొద్ది నిమిషాల్లో ఆరుతుంది, ఆరాక మళ్లీ నీటికి కరగదు. ఈ పనిలో దాని అసలు బలం ఆ కరగకపోవడమే.

ఈ బలాన్ని నేను రెండేళ్లపాటు వాడుకోనే లేదు. నా నీహారికలన్నీ సుద్దపొడి చల్లినట్లు ఉండేవి. క్వినాక్రిడోన్ మెజెంటా, థాలో బ్లూ పారదర్శకమైన రంగులు. నల్లటి నేల (చిత్రం అడుగుపూత) మీద నేరుగా పూస్తే దాదాపు కనిపించవు. అందుకని వాటిలో టైటానియం వైట్ కలపడం నాకు అలవాటుగా ఉండేది. అలా కలిపితే రంగు కనిపిస్తుంది, వెలగదు. ఇప్పుడు తెలుపును విడిగా, ముందుగా వేస్తున్నాను. వెలుగు ఉండాల్సిన చోట మాత్రమే, దాదాపు పొడిగా ఉన్న స్పాంజితో తెలుపును అద్ది, అంచులు చీకటిలో కలిసిపోయేదాకా పలుచన చేసి, పూర్తిగా ఆరనిచ్చి, దాని మీద గ్లేజింగ్ మీడియం (రంగును పారదర్శకంగా పలుచన చేసే ద్రవం) కలిపిన రంగును మూడు నాలుగు పూతలుగా పూస్తాను. గదిలోని వెలుతురు ఆ పొరల గుండా దిగి, కింది తెలుపును తాకి తిరిగి రావడం వల్ల రంగు లోపలి నుంచి వెలుగుతున్నట్లు కనిపిస్తుంది. మొదటిసారి అలా వచ్చిన రోజున ఆ చిత్రం ముందు నుంచి చాలాసేపు కదల్లేకపోయాను.

నేల కోసం ట్యూబులోని నలుపును ఒంటరిగా వాడడం మానేశాను. అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ అంబర్ కలిపితే వచ్చే చీకటికి జీవం ఎక్కువ. ఒక మూల నీలం వైపు, ఇంకో మూల గోధుమరంగు వైపు ఒరిగించవచ్చు. రంగుల ఎంపికలో ఆకాశాన్నే అడగడం మేలు. ఓరియన్ నీహారికలోని ఎరుపు, 656.3 నానోమీటర్ల వద్ద హైడ్రోజన్ వెలువరించే కాంతి. నీలి ఆకుపచ్చ ఛాయ ఆక్సిజన్‌ది. కృత్తికల చుట్టూ కనిపించే నీలం మాత్రం ధూళి మీద పడి చెదిరిన నక్షత్రకాంతి. 1995లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపు తీసిన, స్తంభాల్లాంటి ధూళిమేఘాల ప్రసిద్ధ చిత్రంలో హైడ్రోజన్‌కు ఆకుపచ్చ ఇచ్చారు. అది శాస్త్రవేత్తలు కేటాయించిన రంగు. సహజ రంగులైనా, కేటాయించిన రంగులైనా అందమైనవే, ఒకే చిత్రంలో రెండూ కలపకపోతే చాలు. మెజెంటా, ఆకుపచ్చ తడిగా ఉండగా కలిస్తే బురదరంగే మిగులుతుంది.

నక్షత్రాలకు పాత టూత్‌బ్రష్‌ను మించిన సాధనం నాకు దొరకలేదు. తెలుపును పాలంత పలుచగా కలిపి, కుచ్చు కొసలు మాత్రమే ముంచి, బొటనవేలితో వెనక్కి లాగి వదలాలి. మొదటి విదిలింపులో ఎప్పుడూ పెద్ద చుక్కలే పడతాయి, కనుక అది పాత కాగితం మీద పడాలి. ఒకసారి శనగగింజంత చుక్క నీహారిక నడిబొడ్డున పడింది. కింది పొరలు ఆరి ఉండడంతో తడిగుడ్డతో వెంటనే తుడిస్తే ఆనవాలు కూడా మిగల్లేదు. ఆ తర్వాత సన్నని కుంచెతో పెట్టే పెద్ద నక్షత్రాలు నాలుగైదు దాటకూడదని నా నియమం. వాటన్నిటినీ తెల్లగానే ఉంచనక్కర లేదు: ఆర్ద్ర నారింజ ఎరుపు, రైజెల్ నీలి తెలుపు. కిరణాలు గీసేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హబుల్ చిత్రాల్లో నక్షత్రానికి నాలుగు కిరణాలు, జేమ్స్ వెబ్ చిత్రాల్లో ప్రధానంగా ఆరు ఉంటాయి, అవి టెలిస్కోపు నిర్మాణం వల్ల ఏర్పడేవి.

లోపాలూ ఉన్నాయి. రంగులోని పాలలాంటి జిగురు ఆరాక పారదర్శకమవుతుంది కాబట్టి రంగు తడిగా కనిపించినదానికంటే ముదురుగా తేలుతుంది. నేను ఇప్పటికీ వెలుగును ఒక మెట్టు ఎక్కువగానే వేస్తాను. కుంచెను కడగకుండా అరగంట వదిలేస్తే కుచ్చు మొదట్లో రంగు గట్టిపడి ఇక పనికిరాదు. గ్లేజు పడిన చోట మెరుపు, పడని చోట మెరుపులేమి కనిపించడం మరో చిక్కు. మాట్ (మెరుపులేని) వార్నిష్ పూస్తే అది సర్దుకుంటుంది గాని చీకటి మీద పలుచని పొగలాంటి తెర కప్పుతుంది, గ్లాసీ (బాగా మెరిసే) వార్నిష్ చీకటిని లోతు చేసి కిటికీ ప్రతిబింబాన్ని మోసుకొస్తుంది. రెండేళ్లుగా శాటిన్ (సగం మెరుపు ఉన్న) వార్నిష్‌తో సరిపెట్టుకుంటున్నాను. చిత్రాన్ని కిటికీకి ఎదురుగా కాక పక్క గోడకు వేలాడదీస్తే అది సరిపోతోంది.