జయపురం విమానం, జయపురం లాడ్జి

నా కోపం ముందే చెప్పేస్తాను. జయపురంలో మేం దిగిన లాడ్జిలో మా దగ్గర 2,350 రూపాయలు అన్యాయంగా గుంజారు. అదే ఊళ్ళో, అదే రోజున, చిన్న ఎయిర్‌పోర్టులో పనిచేసేవాళ్ళు మా అమ్మని ఇంటి మనిషిలా చూసుకున్నారు. ఈ రెండూ రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

జయపురం అంటే రాజస్థాన్ జైపూర్ కాదు, ఒడిశాలో కోరాపుట్ జిల్లాది. టికెట్ తీసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి. ఎయిర్‌పోర్టు కోడ్ పి.వై.బి. అని ఉంటే మన జయపురం, జె.ఏ.ఐ. అని ఉంటే రాజస్థాన్. మా అమ్మ పుట్టిల్లు ఈ ఊరే. బజారులో ఏ కొట్లో తెలుగు మాట్లాడినా తెలుగులోనే జవాబొస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చిన విక్రమదేవ వర్మ మహారాజు ఏలిన ఊరు మరి.

మొన్న జనవరిలో పిన్ని మనవరాలి పెళ్ళికి అమ్మ, బావ, నేను బయల్దేరాం. అమ్మకి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు. విశాఖలో పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కినా జయపురంలో దిగేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. సాలూరు ఘాటు మీదుగా బస్సయితే ఆరేడు గంటలు. విమానంలో ముప్పావు గంట. మాకు టికెట్ ఒక్కొక్కరికి 1,640 రూపాయలు పడింది. తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్, ఒకటే ఇంజను, ముందు ఒక ప్రొపెల్లరు. ఆ మాట వినగానే బావ మొహం మాడిపోయింది. విశాఖ ఎయిర్‌పోర్టు చేరేదాకా పెదవి విప్పలేదు.

సామానుతో పాటు మమ్మల్నీ తూచారు. ఇంత చిన్న విమానంలో బరువు ముందుకో వెనక్కో మొగ్గకూడదట, అందుకని ఎవరు ఎక్కడ కూర్చోవాలో బరువు చూసి చెబుతారు. అమ్మ చెప్పులు విప్పి, చేతిసంచి నాకిచ్చి, గుళ్ళో గడప దాటినట్టు మెల్లగా తూనిక మీదకెక్కింది. కౌంటర్లో అమ్మాయి అంకె పైకి చదవకుండా కాగితం మీద రాసుకుంది. అమ్మకి ఆ మర్యాద బాగా నచ్చింది, ఇప్పటికీ చెబుతోంది. లోపల టాయిలెట్ లేదు, ఎయిర్‌హోస్టెస్ ఉండదు. పెద్దవాళ్ళని తీసుకెళ్తే ఎక్కకముందే అన్నీ కానిచ్చుకోండి.

రెక్కలు మన తలకి పైన ఉంటాయి కాబట్టి ప్రతి కిటికీలోంచీ నేల పూర్తిగా కనిపిస్తుంది. కిందకి వేలాడే చక్రం కూడా కనిపిస్తుంది, అది లోపలికి ముడుచుకోదు. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేని విమానం కావడంతో మరీ పైకి పోదు. కొండల మడతలు, పోడు చేసిన ఎర్రమచ్చలు, చివర్లో కోలాబ్ జలాశయం నీలంగా పరుచుకుని కనిపించాయి. బావ ఫోన్ తీసి ఒకటే ఫొటోలు. మాడిన మొహం ఎప్పుడు విచ్చుకుందో నేను గమనించనేలేదు.

అమ్మకి మాత్రం ఇది ఒక్కరోజు ప్రయాణం కాదు. ఆ ఎయిర్‌స్ట్రిప్ ఆవిడ చిన్నప్పటి నుంచీ ఉన్నదే. 1981లో మొదలైన వాయుదూత్ అనే ప్రభుత్వ విమాన సంస్థ ఇక్కడికీ విమానాలు నడిపింది. అప్పుడు నాకు నాలుగేళ్ళట. నన్ను చంకనేసుకుని కంచె దగ్గర నిలబడి విమానం చూపించేదట. ఎక్కుదామంటే తాతయ్య జీతమెంత, టికెట్ ఎంత! 1993లో వాయుదూత్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది, చిన్న ఊళ్ళకి విమానాలు పోయాయి. 2017లో, చిన్న ఊళ్ళకి తక్కువ చార్జీతో విమానాలు నడిపించే కేంద్రప్రభుత్వ ఉడాన్ పథకం మొదటి విడతలో జయపురం పేరు వచ్చినా, భువనేశ్వర్ నుంచి తొమ్మిది సీట్ల సర్వీసు మొదలైంది 2022 అక్టోబరు 31న. మెట్ల మీద నుంచి దిగి రన్‌వే పక్కన నిలబడి అమ్మ కంచె వైపు చూసింది. "అదిగోరా, ఆ చివరే నిలబడేదాన్ని" అంది.

ఈ పథకం ఎలా నడుస్తుందో బ్యాంకులో పనిచేసే బావ కారులో చెప్పాడు. దాదాపు సగం సీట్లకి ప్రభుత్వం చార్జీ మీద పరిమితి పెడుతుంది. ఆ రేటుకి కంపెనీకి గిట్టదు కాబట్టి లోటుని మూడేళ్ళపాటు పూడుస్తారు. అందులో ఎక్కువ భాగం కేంద్రం నిధి నుంచి, కొంత రాష్ట్రం నుంచి వస్తుంది. పోలీసు కాపలా, ఫైరింజను ఖర్చు రాష్ట్రమే పెట్టుకుంటుంది. మూడేళ్ళ తర్వాత ఏమిటన్నది నా బెంగ. ఇలాంటి సర్వీసులు వస్తుంటాయి, ఆగుతుంటాయి. టికెట్ తీసేముందు ఆ నెలలో నడుస్తోందో లేదో కనుక్కోవడం మంచిది.

ఇక లాడ్జి. పిన్ని ఇల్లు చుట్టాలతో నిండిపోయిందని ఫోన్ చేసి మూడు మంచాల గది మాట్లాడుకున్నాను. రోజుకి 1,500, వేన్నీళ్ళు ఉంటాయి, ఇరవై నాలుగు గంటల లెక్క అని కౌంటర్ మనిషి శుభ్రమైన తెలుగులో చెప్పాడు. అడ్వాన్సు 1,000 పంపించాను. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకి దిగాం. గదిలో రెండే మంచాలు. మూడోది అడిగితే నేల మీద ఒక పరుపు పడేశారు, దాని మీద దుప్పటి తడితడిగా ఉంది. గీజరు స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలిగేది, నీళ్ళు మాత్రం చల్లగానే వచ్చేవి. జనవరి చలిలో అమ్మ స్నానానికి రెండు పూటలూ ఆటోలో పిన్ని ఇంటికి తీసుకెళ్ళాను.

ఆదివారం పొద్దున్న తొమ్మిదింబావుకి తాళం ఇవ్వబోతే 5,350 బిల్లు చేతిలో పెట్టారు. పెళ్ళిళ్ళ సీజన్ కాబట్టి రోజుకి 1,900 అట. ఆ నేల మీద పరుపుకి రోజుకి 300. పైగా ఇక్కడ పొద్దున్న ఎనిమిదింటికి రోజు మారుతుందని, గంటంబావు దాటింది కాబట్టి మరో సగం రోజు 950. నేను మాట్లాడుకున్నది రెండు రోజులకి 3,000. ఫోన్‌లో ఏం చెప్పావయ్యా అని అడిగితే, అప్పటిదాకా తెలుగులో మాట్లాడిన మనిషి ఒడియాలోకి మారిపోయాడు. అమ్మ ముందుకొచ్చి చక్కటి ఒడియాలో అడిగేసరికి తల దించుకున్నాడు కానీ బిల్లు దించలేదు. విమానానికి టైమవుతోందని కట్టేశాం. మీరు వెళ్తే రేటు, మంచాల సంఖ్య, రోజు ఎన్నింటికి మారుతుందో ఫోన్‌లో మెసేజ్‌గా రాయించుకోండి. రాసివ్వనంటే ఆ లాడ్జి వదిలేయండి.

పెళ్ళి బ్రహ్మాండంగా జరిగింది. మర్నాడు పొద్దున్న పిన్ని పెట్టిన చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, వేయించిన ఎండు మిరపకాయ ముందు పెళ్ళి భోజనం దిగదుడుపే. కాలాజీరా బియ్యం రెండు కేజీలు కొన్నాను, 240 అయింది. గింజ చూస్తే జీలకర్రలా సన్నగా ఉంటుంది, వండితే పక్కింటి వరకూ వాసన. 2024లో ఈ కోరాపుట్ బియ్యానికి జి.ఐ. గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతం సరుకేనన్న ముద్ర, వచ్చింది.

ఎయిర్‌పోర్టుకి చేరేసరికి రన్‌వే అవతలి చివర కనపడటం లేదు, అంత మంచు. ఇక్కడి నుంచి కంటిచూపుతోనే నడపాలి, పైలట్‌కి కనీసం 5 కిలోమీటర్ల మేర కనిపించాలి. పెద్ద ఎయిర్‌పోర్టుల్లోలా మంచులో కూడా దారి చూపించి దింపే పరికరాలు లేవు. పదిన్నర విమానం పదకొండున్నర అన్నారు, తర్వాత పన్నెండున్నర అన్నారు. ప్రతి అరగంటకీ ఒకాయన బయటికొచ్చి మా మొహం చూసి ఉన్నదున్నట్టు చెప్పాడు. గేటు దగ్గర డ్యూటీలో ఉన్న పోలీసు తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి అమ్మని ఎండ పొడ పడేచోట కూర్చోబెట్టాడు. ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చాడు. డబ్బులివ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుని, "మావుసీ, ఇది మా ఇంటి టీ" అని ఒడియాలో అన్నాడు. మావుసీ అంటే పిన్ని.

ఒంటిగంటకి ఆ రోజు విమానం రద్దయిందని చెప్పారు. 4,920 రూపాయలూ ఆరు రోజుల్లో ఖాతాలో పడ్డాయి, ఒక్క రూపాయి తగ్గలేదు. బావకి మాత్రం ఆ రాత్రి విశాఖ నుంచి హైదరాబాద్ టికెట్ 4,310 పోయింది. మంచుది ఎవరి తప్పూ కాదు. కానీ చలికాలంలోనూ వానాకాలంలోనూ జయపురం విమానాన్ని నమ్ముకుని అదే రోజు ఇంకో విమానం పెట్టుకోవద్దు. మధ్యలో ఒక రాత్రి వదలండి.

సాలూరు బస్సెక్కాం. మనిషికి 310. బావ అలిగి వెనక సీట్లో పడుకున్నాడు. ఘాటు దిగుతుంటే అమ్మ కిటికీకి మొహం ఆనించి, వంపు తిరిగిన చోటల్లా నా భుజం తట్టింది. "ఒరే, మొన్న పైనుంచి తాడు పడేసినట్టు కనిపించిందే, ఆ రోడ్డు ఇదేనేట్రా?"