6 అంగుళాల తెర మీద పాత అచ్చు పుస్తకాలు: దీర్ఘకాలం వాడిన తర్వాత

ఈ-ఇంక్ రీడర్ (కాగితంలా కనిపించే నలుపు తెలుపు తెర మీద పుస్తకాలు చదువుకునే పరికరం) మీద నాకున్న ఇష్టమంతా ఒకే ఒక్క సదుపాయం వల్ల కలిగింది. పేజీ చుట్టూ ఉన్న ఖాళీ అంచులను కత్తిరించి, తెరను అడ్డంగా తిప్పుకొని, స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాన్ని సగం పేజీ చొప్పున చదువుకునే వీలు అది. ఛార్జింగ్ ఎన్నాళ్లు వస్తుంది, ఎన్ని పుస్తకాలు పడతాయి అన్నవి అందరికీ తెలిసిన సంగతులే కాబట్టి వాటి జోలికి పోను.

నేను ఎక్కువగా చదివేవి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల వచన గ్రంథాలు, పత్రికల పాత సంపుటాలు. అవి దాదాపుగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లుగానే దొరుకుతాయి. డెమ్మీ సైజు పేజీ ఎత్తు సుమారు 8.5 అంగుళాలు, మూల నుంచి మూలకు కొలిచి 6 అంగుళాలని చెప్పే తెర నిలువు కొలత 5 అంగుళాలకు లోపే. పేజీ మొత్తాన్ని అందులో ఇరికిస్తే తలకట్లూ దీర్ఘాలూ ఎలాగో పోల్చుకోవచ్చు గాని, అక్షరం కింద ఒదిగి ఉండే ఒత్తులు నల్లని మచ్చలుగా మిగులుతాయి. అంగుళానికి 300 చుక్కల స్పష్టత ఉన్నా ఇంతే.

దీనికి విరుగుడుగా ముందు అక్షరాలను గుర్తించే సాఫ్ట్‌వేర్ అయిన ఓసీఆర్‌తో బొమ్మను పాఠంగా మార్చి చూశాను. కొత్త అచ్చుకు అది బాగానే పనిచేసింది. పాత అచ్చు దగ్గరకు వచ్చేసరికి అక్షరం పక్కన వచ్చే సున్న (ం) కాస్తా అంకెల్లోని సున్నాగా మారింది, అరసున్నలు (ఁ) రాలిపోయాయి, వలపలగిలక (అక్షరానికి కుడిపక్కన రాసి, దానికి ముందు పలికే రకారపు గుర్తు) మరీ చిక్కు తెచ్చిపెట్టింది. "ధర్మము" అన్న మాటను ఆనాటి వారు "ధమ౯ము" అన్నట్టుగా అచ్చువేసేవారు. యంత్రం ఆ గుర్తును ఒకచోట తొమ్మిది అంకెగా చదివింది, మరొకచోట పూర్తిగా వదిలేసింది. ఆ తర్వాత పేజీని మాటలుగా కోసి, తెర వెడల్పుకు తగ్గట్టు మళ్లీ పేర్చే రీఫ్లో పద్ధతిని ప్రయత్నిస్తే, అది కొన్ని వరుసల్లో ఒత్తులను అక్షరం నుంచి విడదీసి కింది వరుసకు అంటగట్టింది. ఆ పేజీలు చదవడానికి కాదు, చూడడానికే బాధ కలిగించాయి.

అడ్డం తెర ఈ అక్షరాలలో దేన్నీ ముట్టుకోదు. అంచులు పోగా మిగిలిన అచ్చు వెడల్పు సుమారు 4 అంగుళాలే కాబట్టి, తెరను తిప్పగానే అక్షరం అసలు పుస్తకంలో కంటే కాస్త పెద్దదిగానే కనిపిస్తుంది. వలపలగిలక, శకటరేఫ (బండి ఱ), అరసున్న ఆనాటి సీసపు అచ్చులో ఎలా పడ్డాయో అలాగే కళ్లెదుట నిలుస్తాయి. అక్కడక్కడ కొమ్ము అరిగిపోయిన అక్షరం కూడా కనబడుతుంది. ఆ కాలపు వచనాన్ని ఆ కాలపు లిపిలోనే చదవడంలో ఉన్న ఆనందం నాకు ఇంతవరకు ఏ కొత్త ముద్రణా ఇవ్వలేదు.

అయితే ఈ తెర చూపగలిగే బూడిద ఛాయలు 16 మాత్రమే కావడం వల్ల, రంగుల్లో స్కాన్ చేసిన పసుపు కాగితం మురికి నేపథ్యంగా మారుతుంది. కాంట్రాస్ట్ పెంచితే అక్షరం తేరుకుంటుంది గాని, అప్పటికే సన్నబడిన గీతలు మరికొన్ని చెదిరిపోతాయి. ఒక్కో పేజీకి తెర రెండు మూడు సార్లు మారాలి. బరువైన పీడీఎఫ్‌లతో ఆ మార్పు నెమ్మదిగా జరుగుతుంది, ఛార్జింగ్ కూడా చెప్పుకునేంత కాలం నిలవదు. పద్యం పై సగంలో, తాత్పర్యం కింది సగంలో పడినప్పుడు, అధోజ్ఞాపిక (పేజీ అడుగున ఇచ్చే వివరణ) కోసం మాటిమాటికీ కిందికి వెళ్లవలసి వచ్చినప్పుడు విసుగు పుడుతుంది. అందుకే టీకతో కూడిన కావ్యాలను దీని మీద చదవడం మానుకున్నాను.

నా చదువు రాత్రివేళ, కూర్చున్న ప్రతిసారీ కొన్ని పేజీలు, అదీ ఎక్కువగా వచనం. ఆ మేరకు ఇది నాకు సరిపోయింది. అక్షరాల సైజు మార్చుకోగల ఈ-పుస్తక రూపమైన ఈపబ్‌గా వచ్చిన కొత్త పుస్తకాలే చదివేవారికి ఈ ఏర్పాటుతో పనే లేదు. వ్యాఖ్యానాలు, నిఘంటువులు ముందు పెట్టుకొని చదివేవారికి 10 అంగుళాల తెర అయితే మేలనిపిస్తుంది, ఆ బరువును చేతిలో ఎక్కువసేపు మోయగలిగితే.