మూడేళ్లుగా అన్ని రూట్లకూ ఒకే డిఫాల్ట్ సర్టిఫికేటు: ఇంగ్రెస్ ఎంజిన్‌ఎక్స్‌తో నా అనుభవం

తిరుపతిలో లాడ్జీలకు, ట్రావెల్స్ వారికి బుకింగ్ వెబ్‌సైట్లు నడిపే ఒక చిన్న సంస్థలో సర్వర్ల బాధ్యత నాది. అనేక సర్వర్లపై సైట్లను కలిపి నడిపే మా కుబర్నెటీస్ క్లస్టర్‌లో ప్రతి ఖాతాదారుకూ ఒక నేమ్‌స్పేస్ (విడి విభాగం), మా డొమైన్ కింద ఒక సబ్‌డొమైన్ ఉంటాయి. ఇంగ్రెస్, అంటే బయటి చిరునామాను లోపలి సైటుకు కలిపే రూట్, తన నేమ్‌స్పేస్‌లో ఉన్న సీక్రెట్‌నే (సర్టిఫికేటు, దాని కీ దాచిన చోటు) వాడుకోగలదు కనుక, మొదట్లో మా సబ్‌డొమైన్లన్నిటికీ చెల్లే వైల్డ్‌కార్డ్ సర్టిఫికేటును ఒక స్క్రిప్టుతో అన్నిచోట్లకూ కాపీ చేసేవాళ్లం. ఒక వైకుంఠ ఏకాదశి ముందు రాత్రి, అసలు సర్టిఫికేటు రెన్యూ అయినప్పటికీ, ఒక లాడ్జి నేమ్‌స్పేస్‌లో మిగిలిపోయిన పాత కాపీకి గడువు తీరిపోయింది. గది కోసం ఫోన్‌లో వెతుకుతున్న యాత్రికులకు బుకింగ్ పేజీకి బదులు బ్రౌజర్ హెచ్చరిక కనిపించింది. ఆ తప్పు మాదే. మరుసటి వారమే డిఫాల్ట్ సర్టిఫికేటు పద్ధతికి, అంటే వేరే సర్టిఫికేటు చెప్పని రూట్లన్నిటికీ ఒకే సర్టిఫికేటును వాడే పద్ధతికి మారాము.

ఏర్పాటు చిన్నదే. సర్టిఫికేట్లను తెచ్చి రెన్యూ చేసే సర్ట్ మేనేజర్ ద్వారా, వాటిని ఉచితంగా జారీ చేసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి వైల్డ్‌కార్డ్ సర్టిఫికేటును ఒకే నేమ్‌స్పేస్‌లోకి తెప్పించి, కంట్రోలర్‌ను (రూట్లను అమలు చేసే ప్రోగ్రాము, మాది ఇంగ్రెస్ ఎంజిన్‌ఎక్స్) ప్రారంభించేటప్పుడు డిఫాల్ట్ సర్టిఫికేటు ఫలానా సీక్రెట్ అని తెలపాలి. వైల్డ్‌కార్డ్ కావాలంటే డీఎన్ఎస్ (డొమైన్ పేర్ల రికార్డులు) ద్వారానే డొమైన్ మనదని నిరూపించాలి. రూట్లలో టీఎల్ఎస్ (సురక్షిత కనెక్షన్) భాగం కింద హోస్ట్ పేరు మాత్రం రాసి, సీక్రెట్ పేరు వదిలేయాలి. ఆ భాగాన్నే పూర్తిగా తీసివేస్తే హెచ్‌టీటీపీ నుంచి హెచ్‌టీటీపీఎస్‌కు దానంతట అదే మళ్లించడం ఆగిపోతుంది. ఇది మాకు కొంత ఆలస్యంగా తెలిసింది. 90 రోజుల సర్టిఫికేటు గడువుకు 30 రోజుల ముందే రెన్యూ అవుతుంది, కొత్తది అన్ని రూట్లకూ ఒకేసారి అందుతుంది. ప్రైవేట్ కీ ఒక్క చోటనే ఉండటం నాకు అన్నిటికంటే నచ్చిన విషయం, ఎందుకంటే ఖాతాదారుల నేమ్‌స్పేస్‌లలో పనిచేసే డెవలపర్లకు దానిని చూసే అవసరమే రాదు.

అయితే ఈ పద్ధతి పొరపాట్లను దాచిపెడుతుంది. చిత్తూరులోని ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీకి సొంత డొమైన్, సొంత సర్టిఫికేటు ఉన్నాయి. తోతాపురి కోతల కాలంలో, రైతులు లారీ టోకెన్లు తీసుకునే పేజీకి రూట్ రాస్తూ సీక్రెట్ పేరులో ఒక అక్షరం తప్పు రాశాను. కంట్రోలర్ ఆ రూట్‌ను తిరస్కరించలేదు. లాగ్‌లో ఒక హెచ్చరిక రాసి, మా డిఫాల్ట్ సర్టిఫికేటునే పంపింది. పేరు సరిపోలక బ్రౌజర్లు పేజీని అడ్డుకున్నాయి, టోకెన్లు దొరకని రైతులు ఎండలో లారీల పక్కన నిలబడవలసి వచ్చింది. అప్పటినుంచి ప్రతి హోస్ట్‌కూ బయటినుంచి కనెక్ట్ అయి, వచ్చిన సర్టిఫికేటులోని పేరును, గడువును సరిచూసే తనిఖీని గంటకొకసారి నడుపుతున్నాను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2025 జూన్‌లో గడువు హెచ్చరికల ఈమెయిళ్లను నిలిపివేశాక ఈ తనిఖీ మరింత అవసరమైంది.

వైల్డ్‌కార్డ్ ఒక్క మెట్టుకే వర్తిస్తుందన్నది కూడా గమనించాలి: లాడ్జి పేరుకు ముందు మళ్లీ 'టెస్ట్' అని చేర్చిన చిరునామాకు అది చెల్లదు. మేము 'టెస్ట్'ను హైఫన్‌తో పేరులోనే కలిపేశాము.

ఇప్పుడు కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం ఈ కంట్రోలర్‌ను నేను సూచించను. 2026 మార్చి వరకే దీనిని నిర్వహిస్తామని 2025 నవంబరులో ప్రకటించారు. మేము కుబర్నెటీస్‌లో ఇంగ్రెస్‌కు బదులుగా వచ్చిన గేట్‌వే ఏపీఐకి మారుతున్నాము. అందులో సర్టిఫికేటు రూట్‌కు కాక గేట్‌వే లిజనర్‌కు (బయటి కనెక్షన్లను అందుకునే చోటు) చెందుతుంది, అనుమతి ఇస్తే ఇతర నేమ్‌స్పేస్‌ల రూట్లు దానికి జతపడతాయి. ఇప్పటికి రెండు లాడ్జీల రూట్లను మార్చాము. ఫ్యాక్టరీ రూట్‌ను మామిడి సీజన్ ముగిశాకే ముట్టుకుంటాను.